కొరియా టూర్‌లో బస ఎక్కడ, చూసేవి ఏవి: నాలుగున్నరేళ్లు తిరిగాక నా సమీక్ష

నేను డేజాన్‌లో ఉండబట్టి నాలుగున్నరేళ్లయింది, ఇక్కడ ఒక ల్యాబ్‌లో పని. ఊరు దేశానికి నడిమధ్యన ఉంటుంది కాబట్టి కేటీఎక్స్ (ఇక్కడి హైస్పీడ్ రైలు) ఎక్కితే ఇటు సియోల్ గంట, అటు బుసాన్ గంటన్నర పైచిలుకు. మొదటి ఏడాది శని, ఆదివారాలు ఒక్కణ్ణే బ్యాగు తగిలించుకుని తిరిగాను. తర్వాత అమ్మానాన్నల్ని రెండుసార్లు, పిన్ని కూతురి కుటుంబాన్ని ఒకసారి, హైదరాబాద్ స్నేహితుల్ని ఒకసారి తిప్పాను. పాతకాలపు హనోక్ ఇళ్లు, మోటళ్లు, గెస్ట్‌హౌస్‌లు, గుడిలో బస, మామూలు హోటళ్లు అన్నిట్లోనూ పడుకున్నాను. వచ్చేవాళ్లందరూ "ఏం చూడాలి?", "ఎక్కడ దిగాలి?" అని రెండు ప్రశ్నలు విడివిడిగా అడుగుతారు. నాకైతే ఆ రెండూ ఒకటే. రాత్రికి ఎక్కడ ఉంటారో తేలిపోతే చూడాల్సినవి సగం వాటంతట అవే తేలిపోతాయి, ఎందుకంటే ఇక్కడ చాలా ఊళ్లు పొద్దున ఎనిమిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాతే అందంగా ఉంటాయి. ఆ టైంలో మీరు బస్సులో ఉంటే ఊరు చూడనట్టే.

ముందు సియోల్. నేను ఎవరికైనా చెప్పేది జోంగ్నో సామ్‌గా స్టేషన్ చుట్టుపక్కలే. సబ్‌వేలో 1, 3, 5 మూడు లైన్లు అక్కడ కలుస్తాయి. ఛాంగ్‌డొక్‌గుంగ్ ప్యాలెస్, రాజుల పూర్వీకుల గుడి జోంగ్మ్యో, ఇన్సాడాంగ్, ఇక్సొన్‌డాంగ్ సందులు అన్నీ నడిచిపోయేంత దూరం. హోంగ్‌డే కుర్రాళ్లకి బాగుంటుంది, ఎయిర్‌పోర్ట్ రైలు నేరుగా అక్కడికే వస్తుంది, కానీ శుక్రవారం రాత్రి వీధిలో పాటలు ఎప్పటికీ ఆగవు, మా నాన్న రెండో రోజే "ఇక్కణ్ణించి మారిపోదాంరా" అన్నారు. మ్యోంగ్‌డాంగ్‌లో షాపింగ్ తప్ప నాకు వేరే కారణం కనిపించలేదు. ఇటేవాన్‌లో మన తిండి దొరుకుతుంది, ఒక పూట భోజనానికి వెళ్లొస్తే చాలు.

ప్యాలెస్‌ల విషయంలో ఒక్క మాట గుర్తు పెట్టుకోండి, గ్యోంగ్బోక్‌గుంగ్‌కి మంగళవారం సెలవు, ఛాంగ్‌డొక్‌గుంగ్‌కి సోమవారం సెలవు. ఇది తెలియక మూసిన గేటు ముందు ఫొటో దిగి వెనక్కి వచ్చినవాళ్లు నాకు తెలిసే నలుగురున్నారు. ఒక్కటే చూసే టైముంటే నేను ఛాంగ్‌డొక్‌గుంగ్ చూడమంటాను. గ్యోంగ్బోక్‌గుంగ్ 1395 నాటిది, పెద్దది, హన్‌బోక్ (కొరియా సంప్రదాయ దుస్తులు) వేసుకుంటే టికెట్ కూడా అక్కర్లేదు. అయితే ఇప్పుడు కనిపించే దాంట్లో చాలా భాగం మళ్లీ కట్టిందే, జనం కూడా ఎక్కువ. ఛాంగ్‌డొక్‌గుంగ్ వెనక రాజుల తోట ఉంది, కొలను ఒడ్డున చిన్న మండపం, రెండు రాతి కాళ్లు నీళ్లలో పెట్టి నిలబడ్డట్టుంటుంది. దానికి వేరే టికెట్, రోజుకి ఇంతమందినే అని పంపుతారు, ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. పాత హనోక్‌లుండే బుక్చోన్ పేటలో ఇళ్ల మధ్య తిరిగేటప్పుడు మాత్రం గొంతు తగ్గించండి, అక్కడ మనుషులు కాపురాలు ఉంటున్నారు. రద్దీ ఎక్కువుండే సందుల్లోకి పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు వరకే టూరిస్టుల్ని రానిస్తున్నారు.

సియోల్‌కే ఐదు రోజులు కేటాయించేవాళ్లకి నా సలహా, అందులో ఒక రోజు తీసి సువోన్‌కి పెట్టండి. అదే సబ్‌వేలో గంట ప్రయాణం. అక్కడ హ్వాసాంగ్ కోట గోడ ఐదున్నర కిలోమీటర్లకు పైనే ఉంటుంది, 1794లో మొదలుపెట్టి 1796కల్లా కట్టేశారు. కట్టించింది జోంగ్జో రాజు. ఆయన తండ్రిని తాతగారే 1762లో బియ్యం పెట్టెలో పెట్టి మూయించి చంపించాడు. ఆ తండ్రి సమాధిని సువోన్ దగ్గరికి మార్చి, ఆ పక్కనే ఈ ఊరు కట్టించాడు. ఈ కథ తెలిసి గోడ మీద నడిస్తే అడుగు వేరేగా పడుతుంది. సాయంత్రం లైట్లు వేశాక ఇంకా బాగుంటుంది.

ఇప్పుడు హనోక్ సంగతి. అందరికీ కనీసం ఒక్క రాత్రి అందులో పడుకోవాలని ఉంటుంది, పడుకోవాల్సిందే కూడా. కానీ ఎవరితో వెళ్తున్నారో చూసుకోండి. మంచం ఉండదు, నేల మీద పల్చటి పరుపు, పైన బొంత. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి పడుకోవడం ఇబ్బంది కాదు, లేవడమే ఇబ్బంది. మా అమ్మ గోడ పట్టుకుని లేవబోతే అది కాగితం అంటించిన తలుపు, చెయ్యి ఆనించడానికి గట్టి ఆధారమే లేదు, నేను పరిగెత్తి పట్టుకున్నాను. బాత్రూమ్ చిన్నది, స్నానం చేస్తే మొత్తం తడిసిపోతుంది. పక్క గదిలో దగ్గినా వినిపిస్తుంది. ఇవన్నీ ఉన్నా మా అమ్మ ఇప్పటికీ ఫోన్‌లో అడిగేది ఆ ఇంటి గురించే. నవంబర్‌లో వెళ్లాం, బయట చలి కొరికేస్తోంది. ఇంటావిడ, డెబ్భై దాటిన హల్మోనీ (అవ్వ), మేం వచ్చేలోపే పొయ్యి రాజేసి ఉంచింది. ఆ ఇంట్లో ఇంకా కట్టెల పొయ్యే, దాని వేడి నేల కింద నుంచి పారుతుంది. నేలంతా పసుపు రంగు నూనె కాగితం, పొయ్యికి దగ్గరి మూలన మాత్రం అది కమిలి బెల్లం రంగుకి తిరిగింది. ఆ మూలనే అందరికంటే పెద్దవాళ్లని కూర్చోబెట్టడం వాళ్ల మర్యాదట. హల్మోనీ అమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి అక్కడే కూర్చోబెట్టింది. ఇద్దరికీ ఒక్క మాట కలవదు, గంటసేపు మోకాళ్లు చూపించుకుంటూ మాట్లాడుకున్నారు.

కాబట్టి పెద్దవాళ్లుంటే హనోక్ ఒక్క రాత్రి చాలు, మిగతావి మంచాలున్న గదులు. బుక్ చేసేముందు రెండు విషయాలు మెసేజ్ పెట్టి అడగండి: బాత్రూమ్ గదిలోనే ఉందా లేక ముంగిలి దాటి వెళ్లాలా, అడిగితే మంచం ఉన్న గది ఇస్తారా. ఇప్పుడు చాలా హనోక్‌లలో మంచాలు వేస్తున్నారు.

ఆ ఇల్లున్న ఊరు గ్యోంగ్జు. నన్నడిగితే మొత్తం కొరియాలో రెండు రాత్రులు ఉండాల్సిన ఊరు అదే, జనం మాత్రం బుసాన్ నుంచి పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్లిపోతారు. వెయ్యేళ్ల దాకా సిల్లా రాజ్యానికి రాజధాని. ఊరి మధ్యలో ఇళ్ల పక్కనే రాజుల సమాధులు, గడ్డి పరిచిన పచ్చటి గుట్టలు, కొన్ని మూడు నాలుగంతస్తుల మేడంత ఎత్తు. వాటిల్లో చోన్మాచోంగ్ అనే దాని లోపలికి వెళ్లి చూడొచ్చు, 1973లో తవ్వారు, బంగారు కిరీటం దొరికింది. మా బస ఆ గుట్టలకి ఐదు నిమిషాల నడక. పొద్దున ఆరున్నరకి నాన్న, నేను వెళ్లాం, మంచు గుట్టల మీద నుంచి కిందికి జారుతోంది, ఒక ముసలాయన తప్ప ఎవరూ లేరు. మధ్యాహ్నం అదే దారిలో స్కూలు పిల్లల బస్సులు, సెల్ఫీ క్యూలు. రాత్రి వోల్జి కొలను దగ్గరికి వెళ్లండి, మండపాలకు లైట్లు వేస్తారు, గాలి లేని రోజున నీళ్లలో పడే నీడకీ అసలుకీ తేడా తెలియదు. బుల్గుక్సా గుడి, కొండ మీద సొక్కురామ్ బుద్ధుడు ఊరికి కొంచెం దూరం, బస్సుంది. సొక్కురామ్‌లో అద్దం అవతల నుంచే చూడాలి, ఫొటో తియ్యనివ్వరు, అయినా వెళ్లండి. ఒక జాగ్రత్త, కేటీఎక్స్ ఆగే గ్యోంగ్జు స్టేషన్ ఊరికి దూరంగా ఉంటుంది, అక్కణ్ణించి బస్సో ట్యాక్సీయో ఎక్కాలి. "స్టేషన్‌కి దగ్గర" అని చూసి రూము తీసుకుంటే ఊరికి దూరమవుతారు.

ఈ "దగ్గర" అన్న మాటతో బుసాన్‌లో నాకు పెద్ద దెబ్బ తగిలింది. ఒక గెస్ట్‌హౌస్, పేరు అనవసరం, సబ్‌వే నుంచి ఏడు నిమిషాలు అని రాసుకున్నారు. ఏడు నిమిషాలే, కానీ అందులో నాలుగు నిమిషాలు మెట్లు. బుసాన్ కొండల మీద కట్టిన ఊరు, మ్యాప్‌లో అది కనిపించదు. పిన్ని కూతురు చంకలో రెండేళ్ల పిల్ల, బావ చేతిలో రెండు పెద్ద సూట్‌కేసులు, నా చేతిలో స్ట్రోలర్, పైన చూస్తే మెట్లు కనుచూపు మేర. పైకి వెళ్లాక గది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఆ రాత్రి మళ్లీ కిందికి దిగే ఓపిక ఎవరికీ లేక చగాల్చి చేపల మార్కెట్ చూడనేలేదు. అప్పట్నుంచి నేను నేవర్ మ్యాప్ అనే కొరియా యాప్‌లో వీధి ఫొటోలు తెరిచి స్టేషన్ నుంచి గుమ్మం దాకా ఒకసారి "నడిచి" చూశాకే డబ్బు కడుతున్నాను. మీరూ అదే చెయ్యండి. ఇక్కడ గూగుల్ మ్యాప్ నడక దారి సరిగా చూపించదు, నేవర్ మ్యాప్‌లో ఇంగ్లిష్ ఉంది.

మోటల్ అన్న బోర్డు చూసి భయపడక్కర్లేదు. గంటల లెక్కన జంటలకి ఇచ్చేవీ అవే, నిజమే, అందుకే కొందరికి ఇబ్బందిగా ఉంటుంది, అమ్మానాన్నలతో నేనూ వెళ్లలేదు. ఒంటరిగానో స్నేహితుడితోనో అయితే మాత్రం బస్ టెర్మినల్ పక్కన శుభ్రంగా, పెద్ద గది, పెద్ద టీవీ, చాలాసార్లు బాత్‌టబ్ కూడా, హోటల్ ధరలో సగానికి దొరుకుతుంది. సిగరెట్ వాసన లేని గది కావాలని ముందే చెప్పండి. శనివారం రేటు బాగా పెరుగుతుంది, మిగతా రోజుల్లో వెళ్లగలిగితే మంచిది. ఇక జిమ్‌జిల్‌బాంగ్‌లో, అంటే రాత్రంతా తెరిచుండే ఆవిరి స్నానాల కేంద్రంలో, పడుకోవడం ఒక్క రాత్రి అనుభవానికి సరే. స్నానాల గదుల్లో ఆడ, మగ వేరువేరు, కానీ లోపల అందరూ నగ్నంగానే ఉంటారు, మనవాళ్లకి మొదటిసారి చాలా బెరుకు. పడుకునేది చాప మీద, హాలులో లైట్లు వెలుగుతూనే ఉంటాయి. నిద్ర మీద ఆశతో వెళ్లకండి.

అందోంగ్ దగ్గర హాహ్వే అనే పల్లె ఉంది, నది దాని చుట్టూ మలుపు తిరిగి వెళ్తుంది, పేరుకి అర్థం కూడా అదే. ర్యూ వంశంవాళ్లు తరతరాలుగా అక్కడే ఉంటున్నారు, 2010లో యునెస్కో జాబితాలో చేరింది. ఊళ్లో కొన్ని ఇళ్లవాళ్లు గదులిస్తారు. చివరి బస్సు వెళ్లిపోయాక ఆ ఊరు మనదైపోయినట్టు ఉంటుంది. బస్సులు తక్కువ, టైము రాసి పెట్టుకోండి. రాత్రి భోజనం సంగతి ముందే మాట్లాడుకోకపోతే పస్తు.

శాకాహారులకి నా గట్టి సిఫారసు గుడి బస, టెంపుల్‌స్టే. 2002 వరల్డ్ కప్ అప్పుడు మొదలుపెట్టారు, ఇప్పుడు దేశమంతా ఉంది. మేం గాయా కొండల్లో హేయిన్సాకి వెళ్లాం. బౌద్ధ గ్రంథాలన్నీ చెక్కిన 80 వేలకు పైగా చెక్క అచ్చులు అక్కడున్నాయి, పదమూడో శతాబ్దానివి. భవనానికి ముందు ఒక సైజు, వెనక ఒక సైజు, పైన ఒకటి, కింద ఒకటి కిటికీలు పెట్టి గాలి ఆడించే ఏర్పాటుతోనే ఇన్నేళ్లూ పాడవకుండా నిలిచాయి. భోజనంలో మాంసం లేదు, ఉల్లి, వెల్లుల్లి కూడా లేవు. బయట కూరగాయల బిబింబాప్‌లో (కూరలు కలిపే అన్నం) కూడా ఏం కలిసిందో అని టెన్షన్ పడే అమ్మ అక్కడ మాత్రం ఏమీ అడగకుండా తృప్తిగా తింది. ఆడవాళ్లకి, మగవాళ్లకి వేరే గదులు, నేల మీదే పడక, రాత్రి తొమ్మిదికి లైట్లు బంద్, తెల్లారకముందే నిద్ర లేపుతారు. చీకట్లో పెద్ద డోలు మోగుతుంటే ఒంట్లో వణుకు పుట్టింది. పొద్దున టీ తాగేటప్పుడు ఒక స్వామి మాది ఏ ఊరని ఫోన్‌లో అనువాదం పెట్టి అడిగారు. మాచర్ల, నాగార్జునకొండ పక్కన అని చెప్పాను. ఆయనకి ఊరు తెలియలేదు, నాగార్జునుడి పేరు వినగానే "యోంగ్సు!" అని లేచి నిలబడి నాన్నకి చేతులు జోడించారు. ఇక్కడ నాగార్జునుణ్ణి ఆ పేరుతో పిలుస్తారు. నాన్న రోజంతా మాట్లాడలేదు.

జేజు గురించి ఒక్కటే చెప్తాను, ద్వీపం మ్యాప్‌లో కనిపించేంత చిన్నది కాదు. ఒకే చోట దిగి నాలుగు వైపులా బస్సులో తిరుగుదామంటే రోజంతా బస్సులోనే గడిచిపోతుంది. సొంగ్సాన్ సూర్యోదయం కావాలంటే తూర్పున దిగండి, పడమర ఇంకోసారి చూసుకోవచ్చు.

వంటగది ఉన్న గది తీసుకునేవాళ్లు ఇంకోటి గమనించండి, దాదాపు అన్ని చోట్లా ఇండక్షన్ పొయ్యిలే. అమ్మ మాచర్ల నుంచి మోసుకొచ్చిన అల్యూమినియం కుక్కర్ పెడితే పొయ్యి కుయ్‌కుయ్‌మంది తప్ప వేడెక్కలేదు. అడుగున స్టీలుండే ఇండక్షన్ కుక్కర్ తెచ్చుకోండి, లేదా ఏ షాపులోనైనా దొరికే రెడీ అన్నం డబ్బా మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు పెట్టి, గోంగూర పచ్చడి కలుపుకుంటే సరిపోతుంది.

రావడానికి ఏప్రిల్ మొదట్లో పూలు, అక్టోబర్ చివర్లో ఎర్రటి ఆకులు. జూన్ చివర నుంచి జూలై అంతా వాన. చుసోక్ (పంటల పండగ), సొల్లాల్ (చాంద్రమాన కొత్త సంవత్సరం) పండగలకి మాత్రం రావద్దు, రైలు టికెట్లు దొరకవు, చాలా షాపులు మూసేస్తారు.

ఈ అక్టోబర్ ఆఖర్న అక్కావాళ్లు వస్తున్నారు, తొమ్మిది రాత్రులు. జోంగ్నోలో నాలుగు, గ్యోంగ్జులో మూడు, హేయిన్సాలో ఒకటి, చివరి రాత్రి మా ఇంట్లో. గ్యోంగ్జులో మళ్లీ ఆ హల్మోనీ ఇల్లే అడిగాను. ఆవిడ కోడలు జవాబు రాసింది, గది ఖాళీగా ఉందట, అమ్మ కూడా వస్తోందా అని హల్మోనీ అడుగుతోందట.