ఢిల్లీ కారు ఓరుగల్లు చేరేదాకా

హనుమకొండ, కరీంనగర్, మంచిర్యాల వైపు సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లలో చాలామంది చూపు ఢిల్లీ మీదే. పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద అక్కడ ఆంక్షల భయం ఉంది కాబట్టి, ఎనిమిదేళ్లు నిండిన డీజిల్ కారును అక్కడివాళ్లు వదిలించుకోవాలనే చూస్తారు. అదే కారుకు ఆర్‌సీ మీద ఇంకా ఏడేళ్ల గడువు ఉంటుంది. మనకు కలిసొచ్చేది ఆ తేడానే. అక్కడి ధరకూ ఇక్కడి ధరకూ ఉన్న తేడాలోంచి ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, దారి ఖర్చు, వచ్చాక చేయించే సర్వీసు తీసేసి చూడండి. అప్పటికీ గట్టిగా మిగిలితేనే బయల్దేరండి. లైఫ్ ట్యాక్స్ కారు మొదటి ధరను, వయసును బట్టి పడుతుంది. ఆర్‌సీ కాపీ, మొదటి ఇన్‌వాయిస్ కాపీ ముందే తెప్పించుకుని మన ఆర్టీఏ ఆఫీసులో చూపిస్తే ఎంతవుతుందో, ఆ బండిని తీసుకుంటారో లేదో తేలిపోతుంది. అడ్వాన్స్ ఇవ్వడం ఆ తర్వాతి మాట.

మిగతా ఊళ్ల సంగతి కూడా చూసుకోవాలి. బెంగళూరు మనకు దగ్గరే, హైదరాబాద్ మీదుగా సుమారు 720 కిలోమీటర్లు. కానీ కర్ణాటకలో పన్ను ఎక్కువ, దాంతో ధరలూ దిగవు. ముంబై, చెన్నై బండ్లకు ఉప్పుగాలి తుప్పు, వరదనీళ్ల భయం రెండూ ఉన్నాయి. ఢిల్లీ కార్ల కింద తుప్పు తక్కువే గానీ, ట్రాఫిక్‌లో నిలిచి నిలిచి నడిచినందువల్ల క్లచ్, ఏసీ కంప్రెసర్, డీజిల్ అయితే ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపేది) దెబ్బతిని ఉండొచ్చు. కొత్త కాలుష్య ప్రమాణాలతో వచ్చిన బీఎస్6 డీజిల్‌లో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) మూసుకుపోయే బెడద కూడా ఉంది. దాని పరిస్థితి కారు కంప్యూటర్‌ను చదివే ఓబీడీ స్కానర్ పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా ఢిల్లీలో దిగొచ్చు. కరోల్ బాగ్‌లో డీలర్లు వరుసగా ఉంటారు. 2023 ఏప్రిల్ నుంచి అమలైన నిబంధనల ప్రకారం పాత బండ్లు అమ్మే డీలర్‌కు ఆర్టీఓ ఇచ్చిన అధికార పత్రం ఉండాలి, ముందు అది అడగండి. నేరుగా ఓనర్ దగ్గర కొనడం ఇంకా మేలు. సర్వీసు చరిత్ర దొరుకుతుంది, సంతకాలకు మనిషి ఎదురుగా ఉంటాడు.

పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి. మీరొచ్చేసరికి ఇంజన్ వేడిగా ఉందంటే కోల్డ్ స్టార్ట్‌లో తెలిసే లోపం తెలియకుండా పోతుంది. ఏసీ వేసి పదిహేను నిమిషాలు ఐడిల్‌లో (బండి కదలకుండా ఇంజన్ మాత్రం నడుస్తూ) ఉంచి ఫ్యాన్ తిరుగుతోందా, టెంపరేచర్ నిలకడగా ఉందా చూడాలి. సీట్ బెల్ట్‌ను పూర్తిగా బయటికి లాగండి. చివర్లో మట్టి చార ఉంటే అది నీళ్లలో మునిగిన బండి. సీటు కింది బోల్టుల తుప్పు కూడా అదే చెబుతుంది. టైరు పక్కన అండాకారపు గడిలో నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. గాడి ఎంత లోతుగా ఉన్నా ఆరేళ్లు దాటిన టైరుతో ఇంత దూరం రావద్దు. స్టెప్నీ, జాకీ, వీల్ స్పానర్ డిక్కీలో ఉన్నాయో లేదో అక్కడే చూడండి.

ఎక్కువమంది ఇరుక్కునేది కాగితాల దగ్గర. ఎన్‌ఓసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చడానికి పాత ఆర్టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం) చేతికి రాకుండా బండిని ఆ రాష్ట్రం దాటించకండి. "మీరు తీసుకెళ్లండి, ఎన్‌ఓసీ పోస్టులో పంపిస్తాం" అన్న మాటతో బండి తెచ్చుకున్నవాళ్లు నెలల తరబడి ఫోన్లు చేస్తూ ఉంటారు. ఎన్‌ఓసీ కోసం పెట్టే ఫారం 28 మీద చాసిస్ నంబరు పెన్సిల్ ముద్ర కావాలి, దానికి బండి ఎదురుగా ఉండాలి. నంబరు కొన్ని కార్లలో ముందు సీటు దగ్గర కార్పెట్ కింద, కొన్నింటిలో బానెట్ లోపల ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉండే రేకు) మీద ఉంటుంది. థిన్నర్ తడిపిన గుడ్డతో గ్రీజు తుడిచి, పల్చటి కాగితం అదిమిపట్టి, మెత్తటి పెన్సిల్‌ను పడుకోబెట్టి ఒకే దిశలో రుద్దితే అంకెలు తెల్లగా తేలతాయి. ఆ అంకెలను ఆర్‌సీతో ఒక్కొక్కటిగా పోల్చండి. నాలుగైదు ముద్రలు ఎక్కువే తీసిపెట్టుకోండి, ఇక్కడా అడుగుతారు.

లోన్ ఉంటే అది తీరినట్టు బ్యాంకు పత్రం, ఆర్‌సీలో లోన్ తీసేయించే ఫారం 35 ముందు కావాలి. పెండింగ్ చలాన్లు ఉంటే ఎన్‌ఓసీ ఆగిపోతుంది, అమ్మేవాళ్లతోనే కట్టించండి. అమ్మేవాళ్ల సంతకాలతో పేరు మార్పిడికి కావాల్సిన ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30, వాళ్ల ఆధార్, పాన్ కాపీలు, తేదీతో పాటు గంట కూడా రాసిన డెలివరీ నోట్ తీసుకోవాలి. దారిలో ఏదైనా జరిగితే ఆ గంటే ముఖ్యం. ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీ భాగం బండితోపాటే మీకు వస్తుంది గానీ, సొంత డ్యామేజీ క్లెయిమ్‌కు పాలసీ మీ పేరుకు మారి ఉండాలి. 14 రోజుల్లోగా దరఖాస్తు చేయాలి, వీలైతే బయల్దేరేముందే చేసేయండి. నో క్లెయిమ్ బోనస్ పాత ఓనర్‌దే, మీకు రాదు.

ఇక దారి. ఢిల్లీ నుంచి నాగపూర్‌కు దాదాపు 1,080 కిలోమీటర్లు, అక్కడి నుంచి చంద్రాపూర్, మంచిర్యాల మీదుగా హనుమకొండకు మరో 450. కొత్తగా చేతికొచ్చిన బండికి మూడు రోజులు సరైన లెక్క. తెల్లవారుజామున బయల్దేరి మొదటి 50 కిలోమీటర్లకే ఆపండి. కింద చుక్కలేమైనా పడుతున్నాయా, కూలెంట్ బాటిల్‌లో గీత దిగిందా చూసి, నాలుగు చక్రాల దగ్గర అరచెయ్యి దగ్గరగా పెట్టండి. ఒక్క చక్రమే కాలుతుంటే బ్రేక్ కాలిపర్ పట్టేసినట్టు. ఢిల్లీలోనే బాగుచేయించుకోవచ్చు, లలిత్‌పూర్ దాటాక కష్టం.

ఆగ్రా దాకా యమునా ఎక్స్‌ప్రెస్‌వే 165 కిలోమీటర్ల కాంక్రీటు రోడ్డు. పాత టైర్లు అక్కడ బాగా వేడెక్కుతాయి, 90 దాటించకండి. డిసెంబరు, జనవరిలో మంచు దట్టంగా పడుతుంది కాబట్టి ఎండ వచ్చాకే ఎక్కాలి. మొదటి రాత్రికి ఝాన్సీ మంచిది. గ్వాలియర్‌లో ఆగితే రెండో రోజు నాగపూర్‌కు 700 కిలోమీటర్లు మిగులుతుంది, అది ఎక్కువ. కుటుంబంతో ఉంటే ఝాన్సీకి దగ్గర్లోని ఓర్ఛాలో మధ్యప్రదేశ్ టూరిజం హోటళ్లున్నాయి. కోట లోపలి శీష్ మహల్, బేత్వా రిట్రీట్ రెండూ ప్రశాంతమైన చోట్లు. కానీ బండి మొరాయిస్తే మెకానిక్ కోసం ఝాన్సీకే రావాలి. బండి మీద అనుమానముంటే బస ఝాన్సీలోనే, సర్వీస్ సెంటర్లకు దగ్గర్లో చూసుకోండి.

లలిత్‌పూర్‌లో ట్యాంకు నింపేయాలి. అది ఉత్తరప్రదేశ్‌లోని చివరి పెద్ద ఊరు, మధ్యప్రదేశ్‌లో పెట్రోల్ ధర బాగా ఎక్కువ. సాగర్, నర్సింగ్‌పూర్, సివనీ మీదుగా రోడ్డు బాగుంటుంది. పెంచ్ అడవి భాగం జంతువుల కోసం వంతెనల మీదుగా కట్టిన దారి, అది చీకటి పడకముందే దాటాలి. పెంచ్ దగ్గర రిసార్టులున్నా అవి విహారానికి వచ్చినవాళ్లకు బాగుంటాయి. మనకు నాగపూర్‌లో వార్ధా రోడ్డు వైపు గది చాలు, పొద్దున ఊరి రద్దీ తగలకుండా దక్షిణానికి బయటపడొచ్చు.

మూడో రోజు జామ్ దగ్గర 44వ నంబరు రహదారి వదిలి వరోరా, చంద్రాపూర్, రాజురా, ఆసిఫాబాద్ మీదుగా మంచిర్యాల చేరండి. 363వ నంబరు రహదారి నాలుగు వరుసలైంది. బొగ్గు లారీలు ఉంటాయి, అంతే. ఆదిలాబాద్, నిర్మల్, ఆర్మూర్, జగిత్యాల దారి కూడా మంచిదే గానీ చుట్టు. మ్యాప్ ఒక్కోసారి ఆలాపల్లి, సిరోంచ, కాళేశ్వరం మీదుగా చూపిస్తుంది. భూపాలపల్లి, పరకాల వాళ్లకు ఆశగా ఉంటుంది గానీ, అది అడవి దారి, సిగ్నల్ అంతంతమాత్రం, మెకానిక్‌లు అరుదు. గుణం తెలియని బండితో ఆ దారి వద్దు. జాతీయ రహదారి మీద ఆగిపోతే 1033కి ఫోన్ చేయండి. కరీంనగర్ దాటాక హుజూరాబాద్, ఎల్కతుర్తి మధ్య రోడ్డు పనుల మళ్లింపులు చూసుకుంటూ నడపాలి, రాత్రి మరీ జాగ్రత్త.

టోల్ గేట్ల దగ్గర పాత ఓనర్ ఫాస్టాగ్ మధ్యలో బ్లాక్ అయితే యూపీఐతో ఒకటింబావు రెట్లు కట్టాలి. ఇల్లు చేరేదాకా ట్యాగ్ ఆపొద్దని రాయించుకుని, అందులో మీరే డబ్బులు వేయండి.

వేరే రాష్ట్రం నంబరుతో 12 నెలలు తిరగొచ్చని చెప్పేవాళ్లుంటారు. ఆ గడువు కొత్త నంబరుకు సంబంధించింది. పేరు మార్పిడికి కొన్నవాళ్లకు ఉన్నది 30 రోజులే. వచ్చిన వారంలోనే స్లాట్ బుక్ చేసి ఎన్‌ఓసీ, కొత్త నంబరు కోసం ఫారం 27, పేరు మార్పిడికి 29, 30, ఇన్సూరెన్స్, పొల్యూషన్ పత్రాలతో బండిని ఆర్టీఏకు తీసుకెళ్లండి. ఎన్‌ఓసీ నిజమైనదేనని పాత ఆఫీసు నుంచి ధ్రువీకరించుకున్నాకే ఫైలు కదులుతుంది. తర్వాత ఇన్‌స్పెక్టర్ తనిఖీ, లైఫ్ ట్యాక్స్, టీజీ నంబరు, హై సెక్యూరిటీ ప్లేటు. ఫాస్టాగ్ వార్షిక పాస్ మాత్రం పాత నంబరు మీద తీసుకోకండి. అది బండి నంబరుకు ముడిపడి ఉంటుంది. టీజీ నంబరు వచ్చి, కొత్త ఆర్‌సీతో కొత్త ట్యాగ్ అతికించాకే తీసుకోండి.