ససూనా, గ్రేవ్సా: ముందు ఎవరి యుద్ధ జ్ఞాపకాలు చదవాలి?

ఇంగ్లిష్ కవులు సీగ్‌ఫ్రీడ్ ససూన్, రాబర్ట్ గ్రేవ్స్ ఇద్దరూ మొదటి ప్రపంచయుద్ధంలో ఒకే రెజిమెంటు అధికారులు, స్నేహితులు.

శ్రమ, ఖర్చు: గ్రేవ్స్‌ది ఒకటే పుస్తకం: ‘గుడ్‌బై టు ఆల్ దట్’ (1929). ససూన్‌వి మూడు: ‘మెమోయిర్స్ ఆఫ్ ఎ ఫాక్స్-హంటింగ్ మ్యాన్’ (1928), ‘మెమోయిర్స్ ఆఫ్ ఏన్ ఇన్‌ఫంట్రీ ఆఫీసర్’ (1930), ‘షెర్‌స్టన్స్ ప్రోగ్రెస్’ (1936).

చిక్కు: గ్రేవ్స్ 1957లో తన పుస్తకాన్ని సవరించాడు, కొనేముందు ఏ కూర్పో చూసుకోండి. ససూన్ తన కథను షెర్‌స్టన్ అనే పాత్రకు అప్పగించాడు. ఆ షెర్‌స్టన్ కవి కాడు! కవి కోసం వెతికేవారికి ఇది పెద్ద లోటే.

1917లో ససూన్ యుద్ధాన్ని ఖండిస్తూ ప్రకటన చేశాడు. అతనికి కోర్టుమార్షల్ (సైనిక విచారణ) తప్పించి, యుద్ధంతో మనసు దెబ్బతిన్న అధికారుల కోసం నడిచిన క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రికి చేర్చడంలో గ్రేవ్స్ చెయ్యి ఉంది. ససూన్ పుస్తకంలో ఆ మిత్రుడి పేరు డేవిడ్ క్రామ్లెక్. ఈ ఒక్క ఘట్టాన్ని ఇద్దరి పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చదవాల్సిందే.

తర్వాతి జీవితం: ఇద్దరి పుస్తకాల్లోనూ దాని గురించి ఉన్నది చాలదు. గ్రేవ్స్ స్పెయిన్ దీవి మయోర్కాలో స్థిరపడి 1985లో, 1957లో కేథలిక్ అయిన ససూన్ 1967లో పోయారు. జీవితచరిత్రలే దిక్కు.

అనువాదం: మన కాపీరైటు మరణానంతరం 60 ఏళ్లు. ససూన్‌కి 2027తో, గ్రేవ్స్‌కి 2045తో ముగుస్తుంది.

తీరిక తక్కువైతే గ్రేవ్స్. యుద్ధం ఒక మనిషిని మెల్లగా ఎలా మార్చిందో కావాలంటే, తెలుగు చేయాలనుంటే ససూన్.