రాజ్మా, అలసందలు, సోయా: రోజువారీ వంటకు ఏది మేలు?

ఎండు చిక్కుడు గింజల్లో ఏది మేలని అడిగితే, చాలామంది ప్రోటీన్ ఒక్కటే చూసి సోయా వైపు మొగ్గుతారు. ఉడికించిన 100 గ్రాముల సోయాలో సుమారు 17 గ్రాముల ప్రోటీన్ ఉంటే, రాజ్మా, అలసందల్లో దాదాపు 8 గ్రాములే ఉంటుంది. ఇనుము కూడా సోయాలోనే ఎక్కువ. అయితే దానిలో 9 గ్రాముల కొవ్వు ఉంటుంది. మిగతా రెండింటిలో ఒక గ్రాముకు మించదు. పీచు మూడింటిలోనూ ఇంచుమించు 6 గ్రాములే. ఫోలేట్ అనే బి విటమిన్ మాత్రం అలసందల్లో సుమారు 200 మైక్రోగ్రాములు, రాజ్మాలో 130 వరకు ఉంటుంది.

పోషకాల కన్నా నేను ఎక్కువగా ఆలోచించేది వండే తీరు గురించి. పచ్చి రాజ్మాలో ఫైటోహెమాగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది. సరిగా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా కొద్ది గంటల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. అందుకే కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో తెర్లేలా కనీసం 10 నిమిషాలు, వీలైతే అరగంట మరిగించాకే మంట తగ్గించాలి. మొదటినుంచీ సన్నని సెగ మీద ఉంచడం ప్రమాదకరం, ఎందుకంటే 80 డిగ్రీల దగ్గర ఆ విషం నశించకపోగా పెరిగే అవకాశమూ ఉంది. గింజను వేళ్ళ మధ్య నొక్కితే నడుమ పలుకు తగలకుండా వెన్నలా నలగాలి. అంత ఓపికగా ఉడికించిన రాజ్మా చిక్కటి మసాలా పులుసును లోపలికి పీల్చుకుని కూడా ఆకారం చెడదు. ఈ గుణంలో దానికి సాటి లేదు.

అలసందలకు ఇంత తతంగం అక్కర్లేదు. నానబెట్టకపోయినా ముప్పావు గంటలో మెత్తబడతాయి. కూరకు, సూప్‌కు, సలాడ్‌కు, నానబెట్టి రుబ్బి వేయించుకోవడానికి కూడా పనికొస్తాయి. సోయా గింజ ఎంత ఉడికినా కాస్త గట్టిగానే ఉంటుంది, పచ్చి వాసన ఓ పట్టాన వదలదు; దానిని పాలుగా, టోఫూగా (సోయా పనీర్‌గా) మార్చి వాడుకోవడమే నయం.

అందుకే వారంలో ఎక్కువ రోజులు అలసందలే వండుకోవాలని, తీరిక ఉన్న రోజున రాజ్మా పెట్టుకోవాలని నా అభిప్రాయం. ఈ రెండింటిలోనూ తక్కువగా ఉండే మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం (ప్రోటీన్‌లో ఒక భాగం) అన్నంలోనో రొట్టెలోనో దొరుకుతుంది, ధాన్యాల్లో కొరవడే లైసిన్ అనే మరో అమైనో ఆమ్లం వీటిలో పుష్కలం. ఉడికాక పైన నిమ్మరసం పిండుకుంటే ఇనుము ఒంటికి మరింత పడుతుంది.