రోలర్ ఎడ్జ్ గైడు: చెయ్యి ఉంచండి, కొన మార్చండి

వాకింగ్ ఫుట్ (తోలును నొక్కి ముందుకు నడిపే పాదం) ఉన్న తోలు కుట్టు మిషన్లకు విడిగా అమ్మే గైడు ఇది. మిషను తల వెనక రెండు స్క్రూలతో బిగిస్తే, వంపు తిరిగిన చెయ్యి సూది పక్కకు దిగుతుంది. అక్కర్లేనప్పుడు పైకి ఎత్తేయొచ్చు. బెల్టులు, బ్యాగు పట్టీలు, పర్సు అంచులు ఒకే దూరంలో కుట్టడానికి పనికొస్తుంది. కొనదగినదే, అయితే దాని చెయ్యి కోసం మాత్రమే. చివరనున్న రోలరు తీసేసి సొంతంగా ఒకటి చేసుకోవాలి.

ముందు మంచి మాట చెప్పాలి. కీలు దగ్గర స్ప్రింగు గట్టిగా ఉంది. చెయ్యిని ఎన్నిసార్లు ఎత్తి దించినా అదే చోటికి వస్తుంది. దూరం సర్దే స్క్రూ సన్న మరది, పావు చుట్టు తిప్పితే మార్పు కంటికి ఆనీ ఆననట్టు నెమ్మదిగా కదులుతుంది. ఇలాంటి కీలు ఇంట్లో డ్రిల్లు, ఆకురాయితో చేయడం కష్టం.

బిగించేటప్పుడే మొదటి చిక్కు వస్తుంది. గైడుతో వచ్చేవి ఎం6 స్క్రూలు, అంటే 6 మి.మీ. లావు, మర చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం 1 మి.మీ. జూకీ లాంటి మిషన్లలో తరచూ కనిపించేది 15/64 అంగుళాల లావు, అంగుళానికి 28 చుట్ల మర, అంటే 5.95 మి.మీ. లావు, చుట్ల మధ్య 0.907 మి.మీ. లావు దాదాపు ఒకటే కాబట్టి ఎం6 స్క్రూ రెండు చుట్లు హాయిగా ఎక్కి, ఆపైన బిగుసుకుంటుంది. అక్కడ పానాతో బలవంతం చేస్తే పాడయ్యేది స్క్రూ కాదు, పోత ఇనుములోని మర. రెండు చుట్లకే గట్టిపడితే వెనక్కి తీసేయండి. సరైన స్క్రూ కోసం మిషనులోదే ఒకటి విప్పి కొలత చూసుకోండి. చిన్న రంధ్రాల్లోనూ ఇదే తంటా: 11/64 అంగుళాల లావు, అంగుళానికి 40 చుట్ల మర ఉన్న రంధ్రంలో ఎం4 స్క్రూ లూజుగా దూరుతుంది, పట్టినట్టే ఉండి కుట్టేటప్పుడు ఊడుతుంది.

ఇక రోలరు. ఉక్కుది, పిన్ను మీద లూజుగా ఉంది. రోలరు 0.3 మి.మీ. ఊగితే కుట్టు వరుసా అంతే ఊగుతుంది. తిన్నని పట్టీ మీద ఆ వంకర ఇట్టే కనబడుతుంది. పైగా వెజ్ ట్యాన్ తోలు (చెట్ల బెరడు లాంటి వాటిలోని టానిన్‌తో శుద్ధి చేసినది) కాస్త తడిగా ఉంటే ఇనుముకూ టానిన్‌కూ చర్య జరిగి నల్లటి గీత మిగులుతుంది. అది రుద్దితే పోదు.

బదులుగా 10 మి.మీ. అసిటల్ (గట్టి ప్లాస్టిక్) కడ్డీ నుంచి 6 మి.మీ. ముక్క కోయండి. మధ్యలో 3.9 మి.మీ. డ్రిల్లు వేసి, 4 మి.మీ. రీమరుతో (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు గీకే పనిముట్టు) పూర్తి చేయండి. నేరుగా 4 మి.మీ. డ్రిల్లు వేస్తే రంధ్రం కాస్త పెద్దదై మళ్లీ లూజు వస్తుంది. మెరుగు పెట్టిన 4 మి.మీ. పిన్ను మీద అది వేలితో తడితే తిరగాలి, పక్కకు మాత్రం ఊగకూడదు. రోలరు కింది అంచు సూది ప్లేటుకు కాగితం మందం ఎత్తులో ఉండాలి. అంతకంటే ఎత్తైతే పలచని తోలు కిందికి దూరిపోతుంది.

రోలరు ఎక్కడ నిలవాలన్నదే అన్నిటికంటే ముఖ్యం. తోలు తాకే చోటు సూదికి ఎదురుగా, అదే అడ్డగీత మీద ఉండాలి. రెడీమేడ్ చెయ్యి దాన్ని సూదికి ముందే ఆపేస్తుంది. తిన్నని అంచుకు తేడా తెలియదు, మూల తిరిగితే తెలుస్తుంది. 10 మి.మీ. ముందుంటే, 30 మి.మీ. వ్యాసార్ధం ఉన్న బయటి వంపులో కుట్టు సుమారు ఒకటిన్నర మి.మీ. లోపలికి జరుగుతుంది. లోపలి వంపులో అంచు వైపు జరుగుతుంది. అందుకే పిన్ను పట్టే ముక్కను 2 మి.మీ. స్టెయిన్‌లెస్ పట్టీతో కొత్తగా చేసుకోవాలి. ముందు అట్టతో నమూనా కోసి, సూది దింపి, గీత కుదిరాకే లోహం ముట్టుకోండి.

అంచుకు 3 మి.మీ. దూరంలో కుట్టాలంటే మరో అడ్డు ఉంది, అవుటర్ ఫుట్ (తోలును నొక్కిపట్టే బయటి పాదం) కుడి వేలు. అది రోలరును దగ్గరికి రానివ్వదు. అదనంగా ఒక ఫుట్ కొని దాని కుడి వేలును గ్రైండరుతో సన్నం చేయడమే దారి. కొంచెం కొంచెంగా రుద్దుతూ నీళ్లలో ముంచుతుండాలి. ఉక్కు నీలం రంగుకు తిరిగిందంటే దాని గట్టిదనం పోయినట్టే. వేలును పూర్తిగా కోసేస్తే ఒత్తిడి ఒకవైపే పడి తోలు తిరిగిపోతుంది. అడుగు భాగాన్ని 400, 800, 1500 ఎమెరీ కాగితాలతో వరసగా రుద్దకపోతే మెత్తని తోలు మీద గీతలు పడతాయి.

అన్నీ బిగించాక మోటారు ఆపి, హ్యాండ్ వీలు చేత్తో తిప్పండి. కుట్టు పొడవు, ఫుట్ ఎత్తు రెండూ గరిష్ఠానికి పెట్టి ముందుకు మూడు చుట్లు, రివర్సులో మూడు చుట్లు. సన్నని తోలుతో సరిపోయిన గైడు మందం పెరిగి ఫుట్ పైకి లేచినప్పుడు తగలొచ్చు. కనీసం 1 మి.మీ. సందు ఉండాలి.

గైడు ఉంది కదా అని తోలును దానికేసి గట్టిగా నొక్కకండి. సూది పక్కకు వంగుతుంది, ప్లేటు కింద తిరిగే హుక్కు కొన దారం ఉచ్చును అందుకోలేదు, కుట్లు తప్పుతాయి. లావు దారంతో లావైన 22 నెంబరు సూది వాడుతున్నా ఇదే జరుగుతుంది. దారం టెన్షను తిప్పుతూ కూర్చునే ముందు మీ చేతి ఒత్తిడి తగ్గించి చూడండి.

మిషను అదురుకు బ్రాకెట్ స్క్రూలు వదులవుతాయి. నీలం రంగు థ్రెడ్ లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టి ఉంచే జిగురు) ఒక్క చుక్క చాలు. ఎర్రది వేస్తే వేడి చేయందే ఊడదు.