మైక్రోవేవ్ సింటరింగ్ ఫర్నేస్: ఆరేళ్ల వాడకం తరువాత

పొడిని నొక్కి చేసిన సెరామిక్ బిళ్లలను కరగనివ్వకుండా కాల్చి గట్టిపరచడానికి (దీన్నే సింటరింగ్ అంటారు) మా ప్రయోగశాలలో 2.45 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్ ఫర్నేస్‌ను ఆరేళ్లుగా వాడుతున్నాను. అందులో ఎక్కువగా పెట్టినవి 3 మోల్ శాతం ఇట్రియా (ఇట్రియం ఆక్సైడ్) కలిపిన జిర్కోనియా (జిర్కోనియం ఆక్సైడ్) బిళ్లలు, అప్పుడప్పుడు అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్). మామూలు విద్యుత్ ఫర్నేస్‌లో నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 1500 డిగ్రీల సెల్సియస్ దాకా తీసుకెళ్లి, రెండు గంటలు నిలిపి, చల్లార్చేసరికి రోజంతా గడిచిపోయేది. ఇందులో అదే బిళ్ల గంటన్నరలో సైద్ధాంతిక సాంద్రతలో (లోపల రంధ్రాలేవీ లేకుంటే ఉండే సాంద్రతలో) 98 శాతం దాటుతోంది. వేగం గురించి అమ్మినవారు చెప్పింది నిజమే.

బిళ్ల లోపలి నుంచే వేడెక్కుతుందన్న వారి మాటను మాత్రం జాగ్రత్తగా తీసుకోవాలి. గది ఉష్ణోగ్రత వద్ద అల్యూమినా మైక్రోవేవ్‌లను దాదాపు పీల్చుకోదు. జిర్కోనియా కూడా కొన్ని వందల డిగ్రీలు దాటాకే బాగా పీల్చుకుంటుంది. అందుకే చుట్టూ సిలికాన్ కార్బైడ్ కడ్డీలు నిలబెడతాం. ముందు అవి వేడెక్కి బిళ్లను వేడిచేస్తాయి, ఆపైన బిళ్ల తానే శక్తిని అందుకుంటుంది. వేడి పెరిగేకొద్దీ పీల్చుకోవడం పెరుగుతుంది, దానితో వేడి ఇంకా పెరుగుతుంది; ఆ దశలో శక్తిని వెంటనే తగ్గించకపోతే బిళ్ల ఒక పక్క అతిగా కాలి పగులుతుంది. మొదటి ఏడాది నేను పోగొట్టుకున్న బిళ్లల్లో చాలావరకు ఇలా పోయినవే.

అన్నిటికంటే నన్ను కష్టపెట్టింది ఉష్ణోగ్రత కొలత. లోహపు థర్మోకపుల్ (రెండు లోహపు తీగలతో ఉష్ణోగ్రతను కొలిచే సాధనం) విద్యుత్ క్షేత్రాన్ని చెదరగొడుతుంది, నిప్పురవ్వలు కూడా రావచ్చు. వెలువడే కాంతిని బట్టి దూరం నుంచే ఉష్ణోగ్రతను కొలిచే పైరోమీటర్ ఇన్సులేషన్‌లోని రంధ్రం గుండా బిళ్ల పైతలాన్ని మాత్రమే చూస్తుంది, లోపల అంతకంటే వేడిగా ఉండవచ్చు. కాబట్టి తెరమీద 1400 అని కనిపించినంత మాత్రాన, విద్యుత్ ఫర్నేస్ కంటే 100 డిగ్రీలు తక్కువలోనే పని పూర్తయిందని రాసుకోవడం సరికాదని నా దృఢమైన అభిప్రాయం. నేను ప్రతి కొత్త పొడికీ రెండు ఫర్నేస్‌లలోనూ బిళ్లలు కాల్చి, ఆర్కిమిడీస్ పద్ధతిలో (ద్రవంలో ముంచి తూచి) సాంద్రతనూ, సూక్ష్మదర్శినిలో రేణువుల పరిమాణాన్నీ పోల్చి చూశాకే అంకెను నమ్ముతాను.

అల్యూమినా ఫైబర్ ఇన్సులేషన్‌ను రెండుసార్లు, మైక్రోవేవ్‌లను పుట్టించే మాగ్నెట్రాన్‌ను ఒకసారి మార్చవలసి వచ్చింది. ఈ మైక్రోవేవ్‌ల తరంగదైర్ఘ్యం 12 సెంటీమీటర్ల పైచిలుకు కనుక ఫర్నేస్ లోపలి గదిలో వేడి అంతటా ఒకేలా ఉండదు. బిళ్లను ఎప్పుడూ గుర్తు పెట్టిన చోటే ఉంచుతాను. చిన్న బిళ్లలకు దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. 5 సెంటీమీటర్లు మించిన వాటిని నేటికీ విద్యుత్ ఫర్నేస్‌లోనే కాలుస్తున్నాను.