15 డాలర్ల ఇసుక, 445 డాలర్ల గది: డ్రై టోర్టుగాస్‌లో టెంటు కాపురం

కీ వెస్ట్‌లో ఒక్క రాత్రి గదికి మా దగ్గర 445 డాలర్ల 75 సెంట్లు వసూలు చేశారు. మర్నాడు సముద్రం మధ్యలో, కోట గోడ పక్కన ఇసుకలో టెంట్లు వేసుకున్నందుకు నేషనల్ పార్కు వాళ్ళు తీసుకున్నది రాత్రికి 15 డాలర్లు. అక్కడ కరెంటు లేదు, తాగే నీళ్ళు లేవు, ఫోను సిగ్నల్ లేదు, ఎలుకలు మాత్రం ఉన్నాయి. అయినా మా ఇంట్లో అందరికీ నచ్చింది ఆ ఇసుకే. అక్కడికి వెళ్దామనుకునే మనవాళ్ళు డబ్బు ఎక్కడ పోగొట్టుకోకూడదో ముందే తెలుసుకుంటే మంచిదని ఇది రాస్తున్నాను.

ఫ్లోరిడా కింది కొసన ఉన్న కీ వెస్ట్ నుంచి పడమరగా దాదాపు 70 మైళ్ళు వెళ్తే డ్రై టోర్టుగాస్ వస్తుంది. ఏడు చిన్న దీవులు, మిగతా పార్కంతా సముద్రమే. అందులో గార్డెన్ కీ అనే దీవిలో ఫోర్ట్ జెఫర్సన్ కోట, దాని పక్కనే క్యాంపు గ్రౌండ్. అదే రోజు తిరిగి వచ్చేవాళ్ళకి సీప్లేన్ (నీళ్ళ మీద దిగే చిన్న విమానం) కూడా ఉంది కానీ టెంట్లు, వంట సామాను ఉన్నవాళ్ళకి పడవే దిక్కు. మేం వెళ్ళింది 2024 ఏప్రిల్‌లో: నేను, మా ఆయన, పదకొండేళ్ళ మా అబ్బాయి, కాకినాడ నుంచి వచ్చిన మావయ్యగారు. అత్తయ్యగారు పడవ అనగానే రానన్నారు, టాంపాలో మా ఆడపడుచు ఇంట్లో ఉండిపోయారు.

పడవ ఉదయం 8 గంటలకి బయల్దేరుతుంది. క్యాంపింగ్‌కి వెళ్ళేవాళ్ళు సామాను ఎక్కించుకోవాలి కాబట్టి ఇంకా ముందే రేవులో ఉండాలి. దాంతో ముందు రోజు రాత్రి కీ వెస్ట్‌లో పడుకోక తప్పదనుకుంటాం. ఊళ్ళో లాడ్జింగుల వాళ్ళకీ ఆ సంగతి తెలుసు.

మేం దిగినచోట గది అద్దె 289 డాలర్లని చూపించారు. కౌంటరు దగ్గరికి వెళ్ళాక రిసార్ట్ ఫీజు 45 అన్నారు. దేనికని అడిగితే స్విమ్మింగ్ పూల్, బీచ్ తువ్వాళ్ళు, పొద్దున్న కాఫీకి అని చెప్పింది కౌంటర్లో అమ్మాయి. పూల్ చుట్టూ పసుపు టేపు కట్టి ఉంది, మరమ్మతులట. కాఫీ ఏడింటికి పెడతారట, మేం బయల్దేరేది ఐదున్నరకి. "మేం వాడుకోలేని వాటికి డబ్బెందుకు కట్టాలి?" అని అడిగాను. "అది అందరికీ ఉంటుంది" అని మళ్ళీ కంప్యూటర్ వైపు తిరిగిపోయింది. కారు పెట్టుకోవడానికి 40, మావయ్యగారికి మడత మంచానికి 30, గది అద్దె మీదా ఆ ఫీజు మీదా కలిపి పన్ను 12.5 శాతం, అంటే 41.75. మడత మంచం రాత్రి పదింటికి వచ్చింది, స్ప్రింగు ఒకటి పైకి పొడుచుకొచ్చి ఉంది. ఏసీ కింద బకెట్టు పెట్టారు. ఐస్ మిషను పనిచేయడం లేదు. మా కూలర్లో పెరుగన్నం, మజ్జిగ సీసాలు ఉన్నాయి కదా అని మా ఆయన మేనేజర్ని అడిగితే, పెట్రోలు బంకులో ఐస్ దొరుకుతుందని వేలు చూపించాడు.

మావయ్యగారికి చెప్పకుండా ఉండాల్సింది కానీ మా అబ్బాయి బిల్లు పైకి చదివేశాడు. ఆయన మనసులోనే రూపాయల్లోకి మార్చుకుని "ముప్ఫై ఏడు వేలా!" అని గది బయట మెట్ల మీద కూర్చుండిపోయారు. తన కోసమే ఇంత ఖర్చవుతోందని ఆయన బాధ. ఆయన ముఖం చూస్తే నాకు డబ్బు పోయినదాని కంటే ఎక్కువ కోపం వచ్చింది. ఇంటికొచ్చాక పూల్ ఫోటోలు, బిల్లు జత చేసి కార్డు కంపెనీకి ఫిర్యాదు పెడితే ఆ 45 డాలర్లు వెనక్కి ఇప్పించారు. మీరు కూడా ఫోటోలు తీసి పెట్టుకోండి. 2025 మే నుంచి అమెరికాలో హోటళ్ళు, లాడ్జింగుల వాళ్ళు తప్పనిసరి ఫీజులన్నీ మొదటి ధరలోనే కలిపి చూపించాలని ఎఫ్‌టీసీ (ఫెడరల్ ట్రేడ్ కమిషన్) నిబంధన అమల్లోకి వచ్చింది. అయినా పార్కింగు, అదనపు మంచం లాంటివి అందులో కనబడకపోవచ్చు. విడిగా అడగండి.

దీనికి బదులు నా సలహా: బహియా హోండా స్టేట్ పార్కు క్యాంపు గ్రౌండ్‌లో సైటు దొరుకుతుందేమో నెలల ముందు నుంచీ చూడండి. ఫ్లోరిడా కీస్ దీవుల గుండా పోయే రోడ్డు మీద, కీ వెస్ట్ నుంచి లెక్కిస్తే 37వ మైలు దగ్గర ఉంటుంది. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద కీ వెస్ట్ రేవు గంట లోపే. ఎలాగూ టెంటు మీ దగ్గరే ఉంటుంది కదా.

పడవ పేరు యాంకీ ఫ్రీడం. క్యాంపింగ్ టికెట్ పెద్దవాళ్ళకి ఒక్కొక్కరికి 200 డాలర్లు దాటుతుంది. పార్కు ప్రవేశ రుసుము 15 డాలర్లు అందులోనే కలిసి ఉంటుంది. పార్కుల వార్షిక పాసు ఉంటే చెక్ ఇన్ దగ్గర చూపించి ఆ మొత్తం వెనక్కి తీసుకోండి. రోజుకి పది మంది క్యాంపర్లనే తీసుకెళ్తారు. నీళ్ళు కాక మనిషికి 60 పౌండ్ల సామాను. గ్యాస్ సిలిండరు, కిరోసిన్, మండే ద్రవం ఏదీ పడవ ఎక్కనివ్వరు, బొగ్గులు మాత్రం తీసుకెళ్ళొచ్చు. ప్రయాణం రెండుంపావు గంటలు, సముద్రం ఆ రోజు నెమ్మదిగానే ఉంది.

దిగగానే పార్కు రేంజరు క్యాంపర్లందరినీ ఒక పక్కకి పిలిచి మాట్లాడింది. ఆమె మొదట చెప్పింది సమస్యలే. ఎలుకలున్నాయి, సన్యాసి పీతలు (హెర్మిట్ క్రాబ్స్) ఉన్నాయి, తిండి వాసన వస్తే టెంటు కొరికేస్తాయి, గట్టి డబ్బాలో పెట్టండి లేకపోతే స్తంభానికి వేలాడదీయండి. నీళ్ళు ఇక్కడ దొరకవు. పడవ రేవులో ఉన్నంతసేపు మన టాయిలెట్లకి తాళం, పడవలోవి వాడుకోండి. చెత్తంతా మీతోనే తిరిగి తీసుకెళ్ళాలి. ఆమె చెప్పినవన్నీ అక్షరాలా అలాగే ఉన్నాయి. ఒక్క సెంటు కూడా ఎక్కువ అడగలేదు. ముందు రాత్రి కౌంటర్ దగ్గర నిలబడి వచ్చినదాన్ని కాబట్టి, ఆ మనిషి మీద నాకు ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను.

సైట్లు ఎనిమిదే, ముందు వచ్చినవాళ్ళకి ముందు. అవి నిండితే పక్కనున్న గడ్డి మైదానంలో వేసుకోనిస్తారు కాబట్టి టెన్షన్ పడక్కర్లేదు. సామాను లాగడానికి రేవులో తోపుడు బళ్ళు ఉంటాయి. ఒక సైటులో ఆరుగురి దాకా ఉండొచ్చు, బల్ల, బొగ్గుల పొయ్యి ఉంటాయి. చెట్ల నీడ ఉన్న సైటు కోసం మా ఆయన దాదాపు పరిగెత్తారు. మీరూ అలాగే చెయ్యండి, మధ్యాహ్నం ఎండ ఘోరం.

మావయ్యగారు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా రిటైరయ్యారు. పడవలో కూడా ముభావంగానే ఉన్న మనిషి కోట గేటు దాటగానే మారిపోయారు. 1846లో కట్టడం మొదలుపెట్టి, ముప్ఫై ఏళ్ళ దగ్గర దగ్గర కట్టి, పూర్తి చెయ్యకుండానే వదిలేసిన ఆరు మూలల కోట ఇది. కోటీ అరవై లక్షలకి పైగా ఇటుకలు. గోడ కింది భాగం ఒక రంగు, పైభాగం ఇంకో రంగు ఉందని ఆయనే ముందు గమనించి మాకు చూపించారు. రేంజర్ని అడిగితే కారణం చెప్పింది: మొదట్లో దగ్గరలోని దక్షిణాది బట్టీల నుంచి ఇటుకలు వచ్చేవి, ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం మొదలయ్యాక అవి ఆగిపోయి ఉత్తరాన ఉన్న మెయిన్ రాష్ట్రం నుంచి ముదురు ఎరుపు ఇటుకలు తెప్పించారు.

ఆయన్ని అంతకన్నా పట్టుకున్నది నీళ్ళ సంగతి. దీవిలో మంచినీటి ఊట లేదు కాబట్టి, పైన పడ్డ వాన నీళ్ళు ఇసుకలో వడకట్టి కిందికి దిగేలా గోడల కింద వందకి పైగా తొట్లు కట్టారు. కోట బరువుకి పునాది కుంగి ఆ తొట్లు బీటలిచ్చాయి, సముద్రపు నీరు చేరింది. "ఇసుక మీద ఇంత బరువు పెడితే ఏమవుతుంది మరి" అని ఆయన ఆ బీటల దగ్గర చాలాసేపు నిలబడ్డారు. లింకన్‌ని చంపిన బూత్ కాలికి కట్టు కట్టిన డాక్టర్ శామ్యూల్ మడ్‌ని ఖైదు చేసింది ఇక్కడే. 1867లో పచ్చజ్వరం (యెల్లో ఫీవర్) వచ్చి కోట డాక్టరు చనిపోతే రోగుల్ని చూసింది ఆ ఖైదీయే. 1869లో ఆయనకి క్షమాభిక్ష ఇచ్చారు. మా అబ్బాయికి ఆయన్ని ఉంచిన గది బాగా నచ్చింది, రోజూ వెళ్ళొచ్చాడు.

మధ్యాహ్నం దాకా దీవి నిండా జనం. మూడు గంటల ప్రాంతంలో పడవ వెళ్ళిపోయాక క్యాంపర్లు, రేంజర్లు తప్ప ఎవరూ ఉండరు. పొద్దున్న వచ్చి సాయంత్రం వెళ్ళిపోయేవాళ్ళు అంత డబ్బు పెట్టి అసలైన దాన్ని వదిలేసుకుంటున్నారని నా గట్టి అభిప్రాయం. కందకం పక్కన మాస్కు పెట్టుకుని ఈదితే పగడాలు, రంగు చేపలు. జనం లేరు కాబట్టి మా అబ్బాయిని భయం లేకుండా దింపగలిగాం.

ఇక తిండి. మొదటి రోజుకి పెరుగన్నం, పులిహోర. తర్వాతకి చపాతీలు, కందిపొడి, ఆవకాయ, అటుకులు, నాలుగు వంకాయలు. సాయంత్రం పక్క సైటు తండ్రీ కొడుకులు రేవు మీద గాలం వేసి పట్టిన ఎల్లోటెయిల్ స్నాపర్ చేపల్లో రెండు మాకు ఇచ్చారు. మావయ్యగారు గాట్లు పెట్టి ఉప్పు, కారం, పసుపు, నిమ్మరసం పట్టించి అరగంట ఉంచి, బొగ్గుల మీద తిప్పి తిప్పి కాల్చారు. నేను వంకాయలు కాల్చి, పచ్చిమిర్చి, ఉల్లిపాయ వేసి పచ్చడి నలిపాను. కారం పొగకి పక్కవాళ్ళు దగ్గుతూనే వచ్చి కూర్చున్నారు. ఆ అబ్బాయి నీళ్ళు తాగుతూ, కళ్ళు తుడుచుకుంటూ కూడా చేప వదలలేదు. కాకినాడలో ఇంతకన్నా పెద్ద చేపలు తిన్నాను గానీ ఇంత తాజాది తినలేదని మావయ్యగారు అన్నారు. ముందు రోజు రాత్రి కీ వెస్ట్‌లో నలుగురికి 118 డాలర్లు పెట్టి తిన్న చప్పటి భోజనం దీని ముందు ఎందుకూ పనికిరాదు.

రాత్రి ఎలుకలు వచ్చాయి. టార్చి వేస్తే బల్ల కింద నుంచి పొదల్లోకి దూరడం కనిపించింది. మా ఆయన సరిగ్గా నిద్రపోలేదు, నేను పడుకున్నాను. ఆవకాయ సీసాతో సహా అంతా బిగుతు మూత డబ్బాల్లో పెట్టాం కాబట్టి మా జోలికి రాలేదు. ఎదుటి టెంటువాళ్ళ బ్రెడ్డు సంచి మాత్రం పొద్దున్నకి చిల్లులు పడి ఉంది. ఇంకో మాట: పక్కనున్న బుష్ కీ దీవిలో ఏప్రిల్‌లో వేలకి వేల సూటీ టెర్న్ పక్షులు గూళ్ళు పెడతాయి. రాత్రంతా అరుస్తూనే ఉంటాయి, సంత మధ్యలో పడుకున్నట్టు ఉంటుంది. పక్షుల్ని చూడ్డానికి వచ్చినవాళ్ళకి అది పండగ. నిద్ర తేలికైనవాళ్ళు చెవుల్లో దూది పెట్టుకోండి.

నీళ్ళు మనిషికి రోజుకి ఒక గాలను అని పార్కు చెబుతుంది. అది తాగడానికీ వంటకీ సరిపోతుంది. ఉప్పునీళ్ళలో ఈదాక పిల్లల ఒళ్ళు కడగాలంటే ఇంకొంచెం పట్టుకెళ్ళండి, నీళ్ళకి బరువు లెక్క లేదు కదా. పడవ రేవులో ఉన్నప్పుడు ఎక్కి ఐస్, చల్లటి డ్రింకులు కొనుక్కోవచ్చు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి నేల మీద పరుపు చాలదు, మావయ్యగారికి మడత కుర్చీ, మందమైన గాలి పరుపు తీసుకెళ్ళడం మంచిదయింది. ఆస్పత్రి 70 మైళ్ళ దూరంలో ఉందని గుర్తుపెట్టుకుని బీపీ, షుగరు మందులు రెండు రోజులవి ఎక్కువే పెట్టుకోండి, వాతావరణం బాగోకపోతే పడవ రాదు. నెలల పిల్లలున్నవాళ్ళు మాత్రం వెళ్ళొద్దనే అంటాను.

ఆగస్టు నుంచి అక్టోబరు దాకా తుఫాన్లు ఎక్కువగా వచ్చే కాలం, నా మాట విని పెట్టుకోకండి. బుష్ కీ మీద నడవాలనుంటే పక్షులు వెళ్ళిపోయాక, నవంబరు, డిసెంబరుల్లో చూడండి. క్యాంపింగ్ టికెట్లు చాలా నెలల ముందే అయిపోతాయి. మాకు దొరికినవి ఎవరో రద్దు చేసుకున్నవే: పడవ ఆఫీసుకి వారం వారం ఫోను చేసి, ఏ తేదీ అయినా సరే అని చెప్పి పెట్టాం.