మూడున్నరేళ్ళ రొయ్యల తొట్టి: పనికొచ్చినవీ, దండగైనవీ

భీమవరం పక్క ఊళ్ళో ఉంటూ "రొయ్యలు పెంచుతున్నాను" అంటే ఎవరైనా ముందు అడిగేది "ఎన్నెకరాలు?" అనే. నాది హాల్లో టీవీ పక్కన 2 అడుగుల గాజు తొట్టి. అడుగున మట్టి, మొక్కలు పోగా 50 లీటర్ల నీళ్ళు పడతాయి. అందులో ఉండేవి ఎర్ర చెర్రీ రొయ్యలు, ఎంత పెరిగినా అంగుళం చిల్లర. మా మావయ్య చెరువుల్లో ముందు టైగర్ రొయ్యలు వేసేవారు, 2009లో అనుమతి వచ్చాక వనామీ రకానికి మారారు. నా తొట్టిని మొదటిసారి చూసి ఆయన అన్న మాట, "కౌంటెంతరా? కేజీకి నాలుగైదు వేలు తూగుతాయా?"

2021 నవంబర్‌లో 30 పిల్లలతో మొదలుపెట్టాను. ఇది 2025 మే. ఇప్పుడు ఎన్నున్నాయో లెక్కపెట్టలేను. మధ్యలో ఒకసారి ఒక్క రాత్రిలో సగానికి పైగా పోయాయి, ఇంకోసారి నెలరోజుల పాటు ఒక్కొక్కటే మాయమయ్యాయి. ఇన్నేళ్ళు వాడిన సామాను గురించి, ఆ పోయిన వాటి గురించి ఇక్కడ రాస్తున్నాను. బ్రాండ్ల గొడవలోకి పోను. ఒకే రకం స్పాంజ్ ఫిల్టర్ పది పేర్లతో అమ్ముతున్నారు.

ముందు కొన్నది తొట్టి అంచుకు తగిలించే ఫిల్టర్. చప్పుడు లేదు, చూడ్డానికి బాగుంది. రెండు నెలలకి తల్లి రొయ్యలు గుడ్లు పట్టాయి. పొట్ట కింద ఆవగింజల్లాంటి పసుపు గుడ్లు ఇరవై, పాతిక ఉంటాయి. ఈత కాళ్ళతో వాటికి ఎప్పుడూ విసురుతూనే ఉంటుంది, వేసవిలో మా అమ్మ పీటమీద కూర్చుని విసనకర్ర ఊపుకున్నట్టు. వనామీకైతే హేచరీలో నాప్లీ (గుడ్డులోంచి వచ్చే తొలి రూపం) నుంచి ఎన్నో దశలు. వీటికి ఆ తతంగం లేదు. మూడు నాలుగు వారాల్లో గుడ్డులోంచి నేరుగా బుల్లి రొయ్యే బయటికొస్తుంది, రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. నాకు మాత్రం పిల్లలు కనిపించలేదు. ఫిల్టర్ కడుగుదామని విప్పితే డబ్బాలో, మురికిలో, పదకొండు పిల్లలు తిరుగుతున్నాయి. అవి బతికినవి. ఇంపెల్లర్‌లో, అంటే నీళ్ళు తోసే చిన్న చక్రంలో, నలిగిపోయినవెన్నో ఏం చెప్పను. ఆ రోజే నీళ్ళు పీల్చే గొట్టానికి స్పాంజ్ తొడిగాను, ఆర్నెల్లకి మొత్తం ఫిల్టరే తీసేసి గాలి పంపుతో నడిచే మామూలు స్పాంజ్ ఫిల్టర్ పెట్టాను. 180 రూపాయలది. నా సామాను మొత్తంలో పైసా వసూలైంది ఏదంటే ఇదే. పిల్లలు లోపలికి పోవు సరికదా, ఆ స్పాంజ్ మీద పట్టిన పాచి గీక్కుంటూ దాని మీదే పెరుగుతాయి. నెలకోసారి తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే పిండాలి. కుళాయి కింద పిండితే అందులోని మంచి బ్యాక్టీరియా పోయి అమ్మోనియా లేస్తుంది.

కానీ ఆ గాలి పంపే నా కొంప ముంచింది.

2022 డిసెంబర్. కోతలయ్యాక మా వైపు దోమలు ఎలా ఉంటాయో ఇక్కడి వాళ్ళకి చెప్పక్కర్లేదు. అమ్మ హాల్లో దోమల లిక్విడ్ మిషన్ పెట్టింది. పెట్టిన ప్లగ్గు తొట్టి స్టాండు వెనకది, గాలి పంపు పక్కదే. తెల్లారి లేచి చూస్తే రొయ్యలు తొట్టిలో గుండ్రంగా, పిచ్చి పట్టినట్టు ఈదుతున్నాయి. కొన్ని వెల్లకిలా పడి కాళ్ళు తన్నుకుంటున్నాయి. ఒకటి మాస్ అనే నాచు మొక్క మీద నిలబడి ఉన్నట్టే ఉంది, తాకితే పక్కకి ఒరిగిపోయింది. లిక్విడ్ సీసా మీద చదివితే ట్రాన్స్‌ఫ్లూత్రిన్ అని ఉంది. ఇది పైరెత్రాయిడ్ జాతి మందు, పురుగుల నరాల మీద పనిచేస్తుంది. నీళ్ళలో బతికే రొయ్యా పీతా కూడా నరాల విషయంలో ఆ పురుగుల చుట్టాలే. గదిలో గాలిని పీల్చి నీళ్ళలోకి బుడగలుగా వదలడమే పంపు పని. అంటే రాత్రంతా మందు గాలిని నేనే ఓపిగ్గా తొట్టిలోకి ఎక్కించానన్నమాట. సగం నీళ్ళు మార్చి, యాక్టివేటెడ్ కార్బన్ సంచి వేలాడదీశాను. మర్నాడు మళ్ళీ సగం మార్చాను. వందకి పైగా ఉన్నవాటిలో మిగిలినవి ముప్ఫై, నలభై.

అప్పట్నుంచి హాల్లో లిక్విడ్ లేదు, కాయిల్ లేదు, కొట్టే స్ప్రే అసలు లేదు. కిటికీలకి మెష్ కొట్టించాను, 3,400 అయ్యింది. రొయ్యల ఖాతాలో రాస్తే అన్నిటికన్నా ఖరీదైన సామాను అదే, కానీ దోమల బాధ కూడా తప్పింది కాబట్టి అమ్మ ఏమీ అనలేదు. వీధిలో పొగ మిషన్ చప్పుడు వినిపిస్తే పంపు ఆపి, తొట్టి మీద తడి గుడ్డ కప్పి, తలుపులేస్తాను. అరగంట పంపు ఆగితే ఏమీ కాదు. దోమల క్రీము రాసుకున్న చేతులు, శానిటైజర్ చేతులు తొట్టిలో పెట్టనివ్వను. చుట్టాల పిల్లలొస్తే కాపలా ఉండాల్సిందే.

నీళ్ళ సంగతి. మా బోరు ఉప్పన, ఈ చుట్టుపక్కల కొత్త సంగతేం కాదు. కుళాయి నీళ్ళు కాలువవి. వరదల రోజుల్లో కాలువకి ఎర్రనీళ్ళు వచ్చినప్పుడు బ్లీచింగ్ వాసన కాస్త ఎక్కువే ఉంటుంది. అక్వేరియం షాపులో డీక్లోరినేటర్ (క్లోరిన్ పోగొట్టే మందు) చిన్న సీసా 150 పెట్టి కొన్నాను కొన్నాళ్ళు. అందులో ఉండేది చాలావరకు సోడియం థయోసల్ఫేట్ అని మావయ్య చెప్పే దాకా తెలీదు. చెరువుల మందుల షాపులో అది కేజీల లెక్కన దొరుకుతుంది. ఇప్పుడు అది కూడా మానేసి, బకెట్లో ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) వేసి ఒక రోజు ఉంచుతున్నాను. మామూలు క్లోరిన్ అయితే ఎగిరిపోతుంది.

బకెట్ అంటే గుర్తొచ్చింది. రొయ్యల బకెట్ వేరే ఉండాలి, దాని మీద మార్కర్‌తో రాసి ఉండాలి. ఒకసారి మావయ్య పంపు షెడ్డులోంచి ఖాళీ బకెట్ తెచ్చి, నీళ్ళు పట్టి, పోయబోతుంటే ఆయనే ఆపారు. దాని అడుగున నీలంగా చారలున్నాయి. మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, కలిపిన బకెట్టట. విచిత్రం ఏమిటంటే రొయ్య రక్తంలో మనకి ఇనుము ఉన్నట్టు రాగే ఉంటుంది, అయినా నీళ్ళలో రాగి కాస్త పెరిగితే చచ్చిపోతుంది. చేపల జబ్బు మందుల్లో, నత్తల్ని చంపే మందుల్లో రాగి ఉంటుంది. సీసా మీద కాపర్ అనే మాట కనిపిస్తే అది రొయ్యల తొట్టి దగ్గరికి కూడా తేవద్దు.

నీళ్ళలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటర్ 300 రూపాయలది, బాగానే పనిచేస్తోంది, బ్యాటరీలు రెండుసార్లు మార్చాను. నా తొట్టి 200 దగ్గర ఉంచుతాను. క్యాన్ నీళ్ళు ఒక్కటే పోస్తే లవణాలు చాలవు, గుల్ల గట్టిపడదు. మావయ్య భాషలో లూజ్ షెల్. ఆవిరైన నీళ్ళకి మాత్రం క్యాన్ నీళ్ళే పోస్తాను. ఎందుకంటే నీళ్ళు ఆవిరైనా లవణాలు లోపలే ఉండిపోతాయి, కుళాయివి పోస్తూ పోతే ఏడాదికి రీడింగు ఎక్కడికో పోతుంది. గుల్ల వదిలినప్పుడు అది తొట్టిలో గాజు బొమ్మలా, మీసాలతో సహా పడి ఉంటుంది. చచ్చిన రొయ్య అనుకుని తీసి పారేసేవాణ్ణి మొదట్లో. తియ్యక్కర్లేదు, అవే తింటాయి.

కొత్త రొయ్యలు తెచ్చినప్పుడు నీళ్ళు అలవాటు చెయ్యడానికి అక్వేరియం వాళ్ళు అమ్మే డ్రిప్ కిట్ దండగ. మెడికల్ షాపులో సెలైన్ సెట్ కొనండి. దాని చక్రం తిప్పితే సెకనుకి రెండు చుక్కలు కచ్చితంగా పడతాయి. రెండు గంటలు అలా వదిలేస్తే చాలు.

ఇక మొక్కలు. ఒక్కొక్కటే మాయమైన కథ ఇదే. 2023 ఆగస్టులో కాలువలోంచి నాచు మొక్క రెండు గుప్పెళ్ళు తెచ్చి, కడిగి, వేసేశాను. ఉచితంగా వచ్చింది కదా అని. తరవాత రోజుకొకటి చొప్పున రొయ్యలు తగ్గుతున్నాయి, శవాలు లేవు. బల్లి అనుకుని మూత బిగించాను. చీమలనుకున్నాను. చివరికి ఒక రాత్రి పదకొండింటికి టార్చి వేసి చూస్తే కాడని కరుచుకుని ఒక పురుగు, తోక చివర మూడు ఆకుల్లాంటి రెక్కలు, ఒళ్ళంతా కాడ రంగే. చూస్తుండగానే పక్కనుంచి పోతున్న పిల్ల రొయ్య మీదికి కింది దవడ చెయ్యి చాపినట్టు బయటికొచ్చింది, వెనక్కి పోయింది. రొయ్య లేదు. సన్న తూనీగ పిల్ల అది. ఈ సన్న తూనీగలు మొక్క కాడలోనే గుడ్లు పెడతాయి, కడిగితే పోవు. వారం రోజులు రాత్రిపూట టార్చీ, ట్వీజర్లూ పట్టుకుని తొమ్మిది పట్టాను. ఇప్పుడు ఏ మొక్క తెచ్చినా వేరే బకెట్లో నెలరోజులు, మధ్యలో నాలుగైదుసార్లు నీళ్ళు మార్చి, వెనకాల టార్చి వేసి చూశాకే తొట్టిలోకి. షాపులో కొన్న మొక్కలకీ ఇదే శిక్ష, నర్సరీలో కొట్టిన పురుగుమందు ఆకుల మీద ఉండొచ్చు. ల్యాబ్‌లో పెంచి జెల్లీ కప్పులో అమ్మే టిష్యూకల్చర్ మొక్కలకి మాత్రం ఈ భయం లేదు, ఖరీదు ఎక్కువే అయినా. కాలువలో దొరికే చిట్టి రొయ్యల్ని కూడా తెచ్చి కలపకండి. అది నీలకంఠం (పెద్దగా పెరిగే మంచినీటి రొయ్య) పిల్ల అయ్యిందంటే చేతులు పొడుగయ్యే కొద్దీ మీ చెర్రీలే దానికి మేత.

పెద్ద దండగ ఏదంటే కార్బన్ డయాక్సైడ్ ప్రయోగం. పంచదార, ఈస్ట్ సీసాలో కలిపి గొట్టం పెడితే మొక్కలు ఏపుగా వస్తాయని చేశాను. వచ్చాయి కూడా. కానీ ఆ సీసాని రాత్రి ఆపడానికి కుదరదు, రాత్రి మొక్కలు కూడా ఆక్సిజన్ పీల్చేవే. నాలుగో రోజు తెల్లవారుజామున రొయ్యలన్నీ నీటి పైకి, గాజు అంచుల మీదికి చేరాయి. ఆ రోజు మావయ్య మా ఇంట్లోనే పడుకున్నారు. పళ్ళు తోముకుంటూ వచ్చి చూసి, "డీఓ పడిపోయిందిరా. చెరువులో తెల్లారగట్ల ఇలాగే పైకి తేలతాయి, ఏరేటర్లు వేసుకుని పరిగెత్తమూ!" అన్నారు. డీఓ అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్. సీసా తీసి పారేసి పంపు స్పీడు పెంచాం, గంటలో కిందికి దిగాయి. ఆ తరవాత మాస్, జావా ఫెర్న్, అనూబియాస్‌తో సరిపెట్టుకున్నాను. వాటికి ఏ గ్యాసూ అక్కర్లేదు.

మేతకి రకరకాల డబ్బాలు కొన్నాను, ఒకటి చాలు. వారానికి రెండుసార్లు చిటికెడు. మిగిలిన రోజులు మా దొడ్లో రాలిన బాదం ఆకు, ఎండిపోయి గోధుమరంగుకి వచ్చింది, వేడినీళ్ళలో ఓ పొంగు రానిచ్చి వేస్తే వారం రోజులు ఈనెలు మిగిలే దాకా గీకుతాయి. ఎక్కువ మేత వేసిన నెలలో గాజు మీద తెల్ల పలక పురుగులు పాకాయి, మేత తగ్గిస్తే వాటంతటవే తగ్గాయి.

ప్రస్తుతం బాధ ఎండలు. ఈ వారం నీళ్ళు 32 డిగ్రీలు చూపిస్తున్నాయి, వీటికి 28 దాటితేనే ఇబ్బంది. నీళ్ళు వేడెక్కే కొద్దీ ఆక్సిజన్ పట్టి ఉంచే శక్తి తగ్గుతుంది: 20 డిగ్రీల దగ్గర లీటరుకి 9 మిల్లీగ్రాములు పట్టేది 30 దగ్గర ఏడున్నరే. తొట్టి మీదికి చిన్న ఫ్యాను పెట్టాను, 450 రూపాయలు. రాయలసీమలో ఉన్న స్నేహితుడికి ఇదే ఫ్యాను నాలుగు డిగ్రీలు తగ్గిస్తోంది. ఇక్కడ గాలిలోనే నీళ్ళుంటాయి కాబట్టి ఆవిరి సరిగ్గా పోదు, నాకు రెండు తగ్గితే గొప్ప. కరెంటు పోతే దానంతటదే ఆన్ అయ్యే బ్యాటరీ పంపు 700 పెట్టి కొన్నది మాత్రం రెండు వేసవులు కాపాడింది. కొనే ముందు ఎంతసేపు నడుస్తుందో షాపులోనే అడగండి, నాది ఆరు గంటలన్నారు, నాలుగే వస్తోంది.

మార్చిన నీళ్ళు కరివేపాకు మొదట్లో పోస్తాను, ఒక వలలో వడగట్టి. ఆ నీళ్ళలో పిల్లలు ఒకటో రెండో ఎప్పుడూ ఉంటాయి. కాలువలోకి మాత్రం పొయ్యను. ఇవి తైవాన్, చైనా వైపు రొయ్యలు, మన కాలువల్లో వీటికి పనిలేదు. చెరువు నీళ్ళు ఇటూ రానివ్వను, తెల్లమచ్చ వైరస్ చాలా జాతుల రొయ్యలకీ పీతలకీ అంటుకుంటుంది. మొన్న మనవరాలికని మావయ్య ఓ పాతిక అడిగారు. ఇస్తానన్నాను, ముందు ఆ గదిలో లిక్విడ్ మిషన్ తీయించి పది రోజులయ్యాక రమ్మన్నాను. ఇంకా ఆరు రోజులున్నాయి.